‘వరవిక్రయం’ చూసి నాన్న ఏడ్చాడు, తెల్లారి పొలం బేరానికి వెళ్ళాడు

గుంటూరు జిల్లాలోని ఒక పల్లెటూరి నుంచి, డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న అబ్బాయి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నాడు. ఉత్తరం చాలా పెద్దది, ముఖ్యమైన సంగతులు తన మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

“మా ఊరి తిరునాళ్ళకి ఈసారి కట్నం మీద రాసిన పాత నాటకం ‘వరవిక్రయం’ వేశారు. హాస్టల్ నుంచి ఇంటికొచ్చి ఉన్నాను, నాన్న రమ్మంటే వెళ్ళాను. స్టేజీ మీద నాటకం మొదటి నుంచి చివరి దాకా చూడటం అదే మొదటిసారి. కాసేపు కూర్చుని వచ్చేద్దామనుకున్నాను. కొడుక్కి కట్నం బేరమాడే సింగరాజు లింగరాజు స్టేజీ మీదకి వచ్చినప్పుడల్లా జనం పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఎక్కడో నవ్వు ఆగిపోయింది. ఆడపిల్లల తండ్రి పురుషోత్తమరావు వేషం వేసినాయన పద్యం ఎత్తుకుని రాగం తీస్తుంటే నాకు ఒళ్ళు చల్లబడింది. ఎందుకంటే మా అక్కకి మొన్ననే తాంబూలాలు పుచ్చుకున్నారు. ఇరవై లక్షల కట్నం, బంగారం వేరే, ఆడపడుచు లాంఛనాలు వేరే. ఉన్న రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మడానికి నాన్న బేరం పెట్టాడు. ఆయన పెద్ద కూతురు కాళింది తన పెళ్ళి కట్నం బాధతో ప్రాణం తీసుకునే సీన్లో పక్కకి తిరిగి చూస్తే నాన్న కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇంటికి నడిచొచ్చేటప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు. మనసు మారిందనుకున్నాను. తెల్లారి టీ తాగి వెళ్ళి బయానా తీసుకుని వచ్చాడు.

అప్పటి నుంచి నాన్న మొహం చూడబుద్ధి కావట్లేదు. ‘అలా ఏడ్చినవాడివి మళ్ళీ ఈ పని ఎలా చేశావు’ అని అడిగేశాను. ‘నాటకం నాటకమేరా’ అన్నాడు. అమ్మ మధ్యలో వచ్చి ‘ఇప్పుడు ఇచ్చేదంతా రేపు నీ పెళ్ళికి వస్తుందిలే, ఊరుకో’ అంది. ఆ రాత్రి అక్కడ కూర్చుని నవ్విన వాళ్ళలో కట్నం పుచ్చుకోని ఇల్లు నాకు తెలిసి ఒక్కటి లేదు. ఒక్కోసారి కాళింది చేసిందే కరెక్టేమో, అలాంటిది ఏదో జరిగితే తప్ప వీళ్ళకి బుద్ధి రాదేమో అనిపిస్తోంది. పోలీసులకి చెప్పాలా, కాబోయే బావతో మాట్లాడాలా, నోరు మూసుకోవాలా? ఇంకో సంగతి, ఈమధ్య చూసిన నాటకం మీద స్పందన రాసి తెమ్మని మా తెలుగు మేడం అడిగారు. రాయడం, చింపేయడం, ఇదే పనిగా ఉంది. ఏం రాసినా మా ఇంటి గురించే వస్తోంది.”

బాబూ, నీ వయసు పిల్లలున్నదాన్ని కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

ముందు మీ నాన్న కన్నీళ్ళ సంగతి చూద్దాం, నిన్ను ఎక్కువ బాధపెడుతున్నది అదేనని నాకు అర్థమైంది. ఆ ఏడుపు దొంగ ఏడుపని నువ్వు నిర్ణయానికి వచ్చేశావు. నాకు అలా అనిపించట్లేదు. మీరిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు కానీ చూసిన నాటకం ఒకటి కాదు. నువ్వు కాళిందిలో మీ అక్కని చూశావు. ఆయన పురుషోత్తమరావులో తనని చూసుకున్నాడు. కూతురి పెళ్ళి కోసం ఆస్తి అమ్ముకోవడానికి సిద్ధపడిన తండ్రి, తను అనుభవిస్తున్న కష్టాన్నే హార్మోనియం పక్కన నిలబడి పద్యంగా పాడుతుంటే ఆయనకి ఏడుపు రాకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ ఏడుపు ఆయన్ని ఎటు తీసుకెళ్ళిందో చూడు. ‘అంత చదువుకున్న పెద్దమనిషికే తప్పలేదు, నాకెక్కడ తప్పుతుంది’ అనుకుని ఉంటాడు. మన బాధే ఇంకొకళ్ళు పడుతుంటే చూసి గుండె తేలికపడుతుంది, అలా తేలికపడి మళ్ళీ అదే పనికి వెళ్ళిపోయే వాళ్ళు చాలామంది ఉంటారు. దాన్ని మోసం అనలేం. ‘నాటకం నాటకమేరా’ అన్న మాట కూడా, కొడుకు అలా నిలదీసేసరికి నోట వచ్చిన మాట, ఆయన రాత్రంతా ఆలోచించి చెప్పిన జవాబు కాదు.

అందుకని నీకు పనికొచ్చే విషయం ఒకటి ఉంది. ఇదంతా మీ నాన్నకి ఇష్టమై చేస్తున్నది కాదని ఆ కన్నీళ్ళే చెప్తున్నాయి. ఎలా ఏడ్చావు అని కాకుండా, ‘నాన్నా, ఆ రోజు నీకు ఎక్కడ ఏడుపొచ్చింది’ అని అడుగు. పొలం గట్టు మీదో, బండి మీద వెళ్తున్నప్పుడో, అమ్మ లేనప్పుడు. ఆయన వెంటనే చెప్పకపోవచ్చు. చెప్పినా ‘కాళింది పోయినప్పుడు’ అని ముక్తసరిగా అనొచ్చు. ఊరుకో, వాదన పెట్టుకోకు. నువ్వు ఒకసారి నిలదీసి ఉన్నావు కాబట్టి ఆయనకి నీ దగ్గర నోరు విప్పడానికి కొంచెం టైం పడుతుంది.

ఇక నవ్విన జనం. నీ కోపం అర్థమైంది, దాన్ని తప్పని కూడా అనను. ఈ నాటకం రాసిన కాళ్ళకూరి నారాయణరావు గారు లింగరాజుని ఎంత పిసినారిగా, ఎంత డబ్బు పిచ్చివాడిగా రాశారంటే, చూసేవాళ్ళలో ఒక్కరికి కూడా ‘వీడు నేనే’ అనిపించదు. ఊళ్ళో కట్నం అడిగేవాళ్ళు లింగరాజులా మాట్లాడరు కదా. ‘మాకేం అక్కర్లేదండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేదే, మా తోడల్లుడి గారికి మాత్రం ఇంత పెట్టారు’ అని మర్యాదగా అంటారు. అలా అన్నవాళ్ళు కూడా హాయిగా నవ్వి ఇంటికి వెళ్ళిపోగలరు. అంతమాత్రాన నాటకం ఓడిపోయిందని నేను ఒప్పుకోను. చింతామణి, మధుసేవ, వరవిక్రయం అని ఆయన మూడు నాటకాలు రాసి, వేశ్యాలోలత్వం, తాగుడు, కట్నం అనే మూడింటినీ జనం ముందు నిలబెట్టారు. ఆయన 1927లోనే పోయారు. వరకట్నం నేరమని మన దేశంలో చట్టం వచ్చింది 1961లో. చట్టం లేని రోజుల్లో, ఊరూరా స్టేజీల మీద, కట్నం పుచ్చుకున్నవాళ్ళనే ఎదురుగా కూర్చోబెట్టి ఆ మాటలు అనిపించారంటే మామూలు విషయం కాదు. ఇన్నేళ్ళ తర్వాత సినిమాలూ ఫోన్లూ చూసి పెరిగిన నిన్ను కదలకుండా కూర్చోబెట్టింది కూడా ఆ నాటకమే.

ఇప్పుడు కాళింది దగ్గరికి వస్తాను. ఈ ఒక్క చోట మాత్రం నీతో గట్టిగా విభేదిస్తాను. ‘అలాంటిది జరిగితే తప్ప బుద్ధి రాదేమో’ అన్నావు. నాటకాన్ని మళ్ళీ ఒకసారి గుర్తు తెచ్చుకో. కాళింది పోయాక ఎవరికి బుద్ధి వచ్చింది? లింగరాజు కనీసం తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చాడా? ఇవ్వలేదు! పిల్ల పోయిందన్న జాలి కూడా లేకుండా డబ్బు ఉంచేసుకున్నాడు. ఆ చావు వల్ల బాధపడింది కన్నవాళ్ళు, చెల్లెలు మాత్రమే. లింగరాజుకి చెమటలు పట్టించింది బతికున్న చెల్లెలు కమల. అక్క కోసం నిశ్చయించిన పెళ్ళికొడుకునే చేసుకుని, తర్వాత అత్తారింటికి వెళ్ళకుండా, డబ్బిచ్చి కొనుక్కున్నాం కాబట్టి అబ్బాయే మా ఇంటికి రావాలని నిలబడింది కదా. కాళింది సీన్ తర్వాత నీ మనసంతా మీ నాన్న మీదకి పోయి, కమల వచ్చిన భాగం నువ్వు సరిగ్గా చూడలేదేమోనని నా అనుమానం, ఎందుకంటే నీ ఉత్తరంలో ఆమె పేరే లేదు. (1939లో ఇది సినిమాగా వచ్చింది, భానుమతి గారి మొదటి సినిమా అదే, కాళింది వేషం. అప్పటి నుంచి జనం నోళ్ళలో కాళిందే ఎక్కువ నిలిచిపోయింది.) దయచేసి ఆ ఆలోచనని ఇంట్లో ఎవరి దగ్గరా, కోపంలో కూడా, పైకి అనకు. ముఖ్యంగా అక్క ముందు.

అక్క అంటే గుర్తొచ్చింది. అంత పెద్ద ఉత్తరంలో నాన్న మాట్లాడాడు, అమ్మ మాట్లాడింది, నువ్వు మాట్లాడావు, జనం నవ్వారు. అక్క ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె నాటకానికి వచ్చిందో లేదో కూడా నువ్వు రాయలేదు. ఆ అబ్బాయి ఆమెకి నచ్చాడా? ఎకరం అమ్ముతున్న సంగతి ఆమెకి తెలుసా? తెలిస్తే ఏమనుకుంటోంది? ఇవేవీ తెలియకుండా నువ్వు ఆమెకి కాళింది వేషం ఇచ్చేశావు. ఆమె కాళింది కాదు, మీ అక్క. ఆమెకి ఆ అబ్బాయి ఎంతో నచ్చి ఉండొచ్చు. లేదా మూడు సంబంధాలు తప్పిపోయాక విసిగిపోయి ‘ఏదో ఒకటి అయిపోతే చాలు’ అనుకుంటూ ఉండొచ్చు. ఈ రెండిట్లో ఏదనే దాన్నిబట్టి నువ్వు చేయాల్సింది పూర్తిగా మారిపోతుంది. కాబట్టి పోలీసుల కంటే, కాబోయే బావ కంటే ముందు ఆమెతో మాట్లాడు. ఫోన్లో వద్దు, శని ఆదివారాలు ఇంటికి వెళ్ళు. నీ అభిప్రాయం చివర్లో చెప్పు, ముందు ఆమెని చెప్పనివ్వు. ఒకవేళ ఆమె మరీ ముభావంగా ఉన్నా, సరిగ్గా తినకపోయినా, ‘నేను లేకపోతే అందరూ హాయిగా ఉంటారు’ లాంటి మాటలు అన్నా తేలిగ్గా తీసుకోకు, ఒంటరిగా వదలకు. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. నీకే అలాంటి ఆలోచనలు వస్తుంటే నువ్వు కూడా చెయ్యి, మొహమాటం అక్కర్లేదు.

అక్కతో మాట్లాడాక నీ ముందు కొన్ని దారులుంటాయి. ఏది ఎంచుకోవాలో నేను చెప్పను, ఒక్కోదానికి ఏమవుతుందో చెప్తాను.

పోలీసులకి చెప్పడం. చట్టం ప్రకారం కట్నం అడగడం నేరం, తీసుకోవడం నేరం, ఇవ్వడం కూడా నేరం. ఇచ్చినా పుచ్చుకున్నా అయిదేళ్ళకి తక్కువ కాకుండా జైలు, జరిమానా అని రాసి ఉంది. బాధితులు ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా వాళ్ళ మీదే కేసు పెట్టకూడదని కూడా అందులోనే ఉంది కాబట్టి, నాన్న జైలుకి పోతాడన్న భయంతోనే ఆగిపోనక్కర్లేదు. పెళ్ళికూతురి బంధువుగా ఫిర్యాదు చేసే హక్కు నీకుంది. 181కి ఫోన్ చేస్తే మహిళా హెల్ప్‌లైన్ వాళ్ళు దారి చెప్తారు. కానీ ఈ పని అక్కకి తెలియకుండా చేస్తే, మర్నాడు ఊరంతా మాట్లాడుకునేది ఆమె గురించే. పెళ్ళి ఆగితే ఆ మాటలు మోసేది ఆమె, నువ్వు హాస్టల్లో ఉంటావు. ఆమె ‘సరే’ అంటే మాత్రం నిర్భయంగా వెళ్ళు, పక్కన నిలబడు. ఆ పెళ్ళివాళ్ళు ఇప్పుడే బెదిరిస్తున్నా, తాంబూలాలయ్యాక రేటు పెంచుతున్నా, ఇక మొహమాటాలు చూడాల్సిన పని లేదని అక్కకి చెప్పు.

కాబోయే బావతో మాట్లాడటం. ఇది నీకన్నా అక్క చేస్తే బాగుంటుంది. పెళ్ళికొడుకులు కొంతమందికి తమ పేరు మీద ఎంత అడిగారో నిజంగానే తెలియదు, కొంతమంది తెలిసీ తెలియనట్టు ఉంటారు. అక్క అడిగితే అతను ఎటువంటివాడో పెళ్ళికి ముందే తెలిసిపోతుంది. ‘మా పెద్దవాళ్ళు చూసుకుంటారు, నాకు సంబంధం లేదు’ అన్నాడంటే అది కూడా ఆమెకి కావలసిన జవాబే. సంబంధం చెడిపోయే ప్రమాదం ఉంది, అది అక్కకి ముందే తెలిసి ఉండాలి.

మూడోది మధ్యేమార్గం, మన వైపు కొత్తది కూడా కాదు. పొలం అమ్మకుండా ఆ ఎకరం అక్క పేరున రిజిస్టర్ చేయించడం. పసుపు కుంకుమ కింద ఆడపిల్లకి పొలం ఇవ్వడం మీ ఊళ్ళో పెద్దవాళ్ళకి బాగా తెలుసు. డబ్బు అయితే వియ్యంకుడి చేతిలోకి పోయి ఇల్లు కట్టడానికో, వాళ్ళ అమ్మాయి పెళ్ళికో, అప్పు తీర్చడానికో అయిపోతుంది. పొలం అయితే కౌలు అయినా అక్క చేతికి వస్తుంది. ఇందులో ఉన్న చిక్కు కూడా చెప్తాను. అవతలివాళ్ళు షరతు పెట్టి అడిగితే, డబ్బయినా పొలమైనా చట్టం కళ్ళకి అది కట్నమే. నాన్న తనంతట తను కూతురికి ఇస్తే వేరే. ఇంకా, అవతలివాళ్ళకి రొక్కమే కావాలంటే ఈ మాట ఎత్తగానే మొహాలు మాడిపోతాయి, అప్పుడు వాళ్ళు చూస్తున్నది మీ అక్కనా, ఆ ఇరవై లక్షలనా అనేది మీ నాన్నకే అర్థమవుతుంది. బయానా తీసుకున్నారు కాబట్టి ఆ కాగితంలో ఏం రాసుకున్నారో, వెనక్కి తగ్గితే ఎంత కట్టాలో, గడువు ఎప్పటి వరకో ముందు చదువు. నాన్నని ఒప్పించడానికి మేనమామో, పెదనాన్నో, ఆయన మాట వినే మనిషి ఒకరుంటారు, వాళ్ళని కలుపుకో. ఇరవై ఏళ్ళ కొడుకు చెప్తే పొగరులా వినిపించేది, బావమరిది చెప్తే సలహాలా వినిపిస్తుంది.

నాలుగోది ఏమీ అనకుండా ఊరుకోవడం. అక్కకి ఆ అబ్బాయి నచ్చి, ఏదీ కదిలించొద్దని ఆమే బతిమాలితే నువ్వు ఊరుకోవాల్సి రావచ్చు. అప్పుడైనా ఇచ్చే బంగారం, సామాను, డబ్బు అన్నిటికీ జాబితా రాసి ఇద్దరి వైపు వాళ్ళ చేతా సంతకాలు చేయించు, నగలు అక్క పేరున లాకర్లో ఉండేలా చూడు. కట్నం ఎవరి చేతిలో పడినా, మూడు నెలల్లో ఆ ఆడపిల్లకి అప్పజెప్పాలని కూడా చట్టంలో ఉంది. అది తెలిసి ఉండటం మంచిది.

ఇవన్నీ వేరేవాళ్ళ మీద ఆధారపడిన సంగతులు. పూర్తిగా నీ చేతిలో ఉన్నది ఒకటుంది, నీ ఉత్తరంలో అన్నిటికన్నా నన్ను ఆపేసిన వాక్యం మీ అమ్మ అన్నది. ‘ఇప్పుడు ఇచ్చేదంతా రేపు నీ పెళ్ళికి వస్తుందిలే.’ దాన్ని నువ్వు మధ్యలో ఒక మాటగా రాసి వదిలేశావు, తర్వాత దాని ఊసే లేదు. పురుషోత్తమరావుకి ఇద్దరూ ఆడపిల్లలే, ఆ ఇంట్లో కొడుకు లేడు. నీ వేషం ఆ నాటకంలో కాళ్ళకూరి వారు రాయలేదు. మీ ఇంట్లో మాత్రం నువ్వున్నావు, మీ అమ్మ వేసుకున్న లెక్కలో రాబడి కింద నీ పేరు ఉంది. ఎకరం పోయినా ఆవిడకి రాత్రి నిద్ర పడుతోందంటే ఆ ధైర్యం నీ మీద పెట్టుకున్నదే.

ఆ లెక్కలోంచి నీ పేరు నువ్వు తీసేయగలవా? ‘అమ్మా, నా పెళ్ళికి నేను పైసా తీసుకోను, ఆ ధైర్యంతో మాత్రం అమ్మకండి’ అని ఇప్పుడే, పెళ్ళి మాట లేని వయసులో, నాన్న వింటుండగా చెప్పగలవా? చెప్తే ముందు నవ్వుతారు. తర్వాత కోప్పడతారు. ఆవిడకి నిజంగా భయం వేస్తుంది, ఆ భయాన్ని చిన్నచూపు చూడకు, రెండెకరాల ఇంట్లో ఎకరం పోవడం అంటే ముసలితనంలో తిండి గురించిన భయం. అందుకే ఆ మాట చెప్పేముందు ఇల్లు గడవడానికి నువ్వేం చేస్తావో కూడా ఆలోచించుకుని చెప్పు.

దీనికన్నా కష్టమైనది ఇంకొకటి అడుగుతాను. ఆ రెండెకరాలు తాతల నుంచి వచ్చినవైతే అందులో అక్కకి నీతో సమానంగా హక్కు ఉంది. మన రాష్ట్రంలో 1986లోనే చట్టం మార్చి కూతుళ్ళకి ఆ హక్కు ఇచ్చారు, దేశమంతటా 2005లో వచ్చింది. నాన్న సొంతంగా కొన్నవైతే ఆయన ఇష్టం. ఏదైనా సరే, కట్నం ఆపమని అడిగే నువ్వు, ‘అక్కకి నాతో సమానంగా వాటా రాయి నాన్నా, నాకు అభ్యంతరం లేదు’ అని నోటితో అనగలవా? చాలా ఇళ్ళల్లో తమ్ముళ్ళు కట్నం తప్పంటారు, వాటా మాట వచ్చేసరికి పెళ్ళికి అంత ఖర్చు పెట్టాం కదా అంటారు. నువ్వు వాటాకి ఒప్పుకుంటే మీ నాన్న నీ మాటని వేరేగా వింటాడు, ఎందుకంటే అప్పుడు నీకు కూడా పోయేది ఉంది. ఒప్పుకోలేకపోతే అది కూడా నిజాయితీగా నీకు నువ్వు చెప్పుకో, మీ నాన్న మీద కోపం కొంత తగ్గుతుంది.

చివరగా మీ మేడం అడిగిన స్పందన. ఇంటి సంగతి అందులో రాయనక్కర్లేదు, క్లాసులో పైకి చదివిస్తే అక్క పరువు పోతుంది. అలా అని ‘సమాజానికి సందేశమిచ్చే గొప్ప నాటకం’ అని అందరూ రాసేదే రాసి కూడా ఇవ్వకు. నువ్వు చూసినవే రాయి. నవ్వు ఎక్కడ ఆగిపోయింది, ఆ పద్యం దగ్గర గొంతు ఎలా ఉంది, మైకు దగ్గరికి ఎలా వచ్చి నిలబడ్డాడు, వన్స్‌మోర్ అన్నారా, అంటే మళ్ళీ అదే దుఃఖంతో పాడాడా, జనం ఎక్కడ నిశ్శబ్దమయ్యారు. ముందు వరసలో కూర్చున్న ఒక రైతు పురుషోత్తమరావుని చూసి ఏమనుకుని ఉంటాడో ఒక పేరా రాయి, పేరు పెట్టకుండా. కమల గురించి తప్పకుండా రాయి, గుర్తు లేకపోతే నాటకం పుస్తకం తెచ్చుకుని చివరి రంగాలు చదువు, మీ కాలేజీ లైబ్రరీలో దొరకొచ్చు. గడువు దాటిపోయి ఉంటే మేడంని ఇంకో వారం అడుగు. చూసిన నాటకం మీద రాయలేక చింపేస్తున్నానని ఉన్నదున్నట్టు చెప్పు, నాటకం ఇష్టపడే టీచర్ ఎవరైనా ఆ వారం ఇస్తారు.